తాస్‌బొలాత్ సూత్రం తప్పన్న పిల్ల

నల్లతెర సర్రున పక్కకి తొలిగింది. ఫోను టార్చి వెలుగు దౌలెత్ మొహం మీద పడి, అక్కడ ఆగకుండా వెనకున్న డిటెక్టర్ మీదికి దూకింది. అప్పటిదాకా బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు ఒకటీ అరా లెక్కపెట్టుకుంటున్న యంత్రం బెదిరిన మేకలా అరిచి, తనంతట తానే ఆగిపోయింది.

"ఆర్పండి," అన్నాడు దౌలెత్ కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"టార్చినా, మిమ్మల్నా?"

"అది ఫోటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే డిటెక్టరండీ. మీరు ఒక్క క్షణంలో కోట్లకి కోట్లు దాని నోట్లో కుక్కారు."

"మామూలుగా ఏం పెడతారు?"

"నిమిషానికి నాలుగైదు."

"పాపం, అందుకే అంత ఆబగా తింది," అంటూ ఆ అమ్మాయి టార్చి ఆర్పింది. చీకట్లో గొంతు మాత్రం మిగిలింది. "నా పేరు కర్లిగాష్. షిమ్కెంట్ నుంచి వచ్చాను, థియరీ వాళ్ళ గదిలో చేరాను. తాస్‌బొలాత్ సూత్రం తప్పని నిరూపించడానికి నాకు కొలతలు కావాలి. కొలిచేవాడు ఈ తెర వెనక కాపురం ఉంటాడని చెప్పారు."

"ఏ సూత్రం?"

"తాస్‌బొలాత్ సూత్రం."

"తప్పా?"

"నిలువునా."

"తాస్‌బొలాత్ మా తాత."

ఇంకెవరైనా అయితే నాలిక కరుచుకుని తెర మూసి వెళ్ళిపోయేవారు. కర్లిగాష్ ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే మీ దగ్గర ఆయన ఫోను నంబరు ఉంటుంది కదా. ఇవ్వండి, ఆయనకే చెబుతాను," అంది.

కజాకుల ఊరు అల్మాతీలో ఫిజిక్సు చదివినవాళ్ళలో తాస్‌బొలాత్ సూత్రం తెలియనివాళ్ళు లేరు. ఆయనకి ఇంటిపేరు లేక కాదు. ఆయన పనిచేసిన పరిశోధన సంస్థలో అదే ఇంటిపేరు గలవాళ్ళు ఇంకొందరు ఉండేవారు. ఘనత పొరపాటున వాళ్ళ ఖాతాలోకి పోతుందని భయపడి, ముసలాయనే పట్టుబట్టి సూత్రానికి తన సొంత పేరు పెట్టించుకున్నాడని చెప్పుకుంటారు. ఆయన కాదనడు.

సూత్రం చెప్పేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఒక సన్నటి గాజుదారం వెంబడి అణువుల్ని వరసా క్రమం లేకుండా చల్లామనుకోండి. అందులోకి ఒక ఫోటాన్ని, అంటే ఒక్క వెలుగు నలుసుని వదిలితే, అది కొంతదూరం ఉరుకుతుంది. ఆ అణువుకి తగిలి ఈ అణువుకి తగిలి, వెనక్కి వచ్చి ముందుకి పోయి, ఆఖరికి తన అలలే తనకి అడ్డంపడి ఒకచోట చతికిలబడుతుంది. ఎంతదూరంలో చతికిలబడుతుందో తాస్‌బొలాత్ లెక్కగట్టాడు. అంతే. కాని దానితోనే ఆయన జీవితమంతా గడిచింది.

ఎనభై దాటినా ప్రతి సెమినారుకీ వచ్చి వెనక వరసలో కూర్చునేవాడు. సూత్రం పేరు వినబడినప్పుడల్లా కుర్చీలోంచి జానెడు లేచి, మళ్ళీ కూర్చునేవాడు. వినికిడి యంత్రమంటే ఆయనకి మహా చిరాకు. ఇంట్లో పెట్టుకోడు. సెమినారు రోజు మాత్రం కొత్త బ్యాటరీ వేయించుకుని మరీ వస్తాడు.

ఆ చలికాలమంతా కర్లిగాష్ నోట్లో ఆయన పేరు నలిగినట్టు ఇంకెవరి నోట్లోనూ నలగలేదు. తాస్‌బొలాత్ ఇక్కడ పప్పులో కాలేశాడు, తాస్‌బొలాత్ ఇక్కడ కళ్ళు మూసుకున్నాడు, తాస్‌బొలాత్‌కి ఈ మలుపు కనబడలేదు. దౌలెత్ గాజుదారం సాగదీస్తూ, అణువుల్ని చల్లబరుస్తూ, అన్నీ వింటూ ఉండేవాడు. మొదట పళ్ళు కొరికాడు. తర్వాత ఆమె రాని రోజున ల్యాబు బోసిగా ఉందనుకున్నాడు. ఇంకా తర్వాత, ఆమె వచ్చే వేళకి జుట్టు దువ్వుకోవడం మొదలుపెట్టాడు. తెర వెనక కటిక చీకటని అతనికి తెలియక కాదు.

"నువ్వు ఆ కూర్త్ కొరకడం ఆపుతావా? నా లేజర్ అదురుతోంది," అన్నాడు ఒకరోజు. ఎండబెట్టిన ఉప్పు పెరుగు ఉండలు ఆమె కోటు జేబులో ఎప్పుడూ గలగలమంటూ ఉంటాయి.

"అదురుతున్నది లేజరేనా?" అని ఇంకొకటి నోట్లో వేసుకుంది. "సరే గాని, ఆదివారం గొర్రెల సంతకి ఎప్పుడైనా వెళ్ళావా?"

"నేను సిటీలో పుట్టాను."

"తెలుస్తూనే ఉంది. ఒంటరిగా వెళ్ళినవాడు సంత నడుమ ఇరుక్కుపోతాడు. ఇటు గొర్రె, అటు బేరగాడు, ఎదురుగా తెలిసిన మేనమామ. అదే ఇద్దరు చేతులు పట్టుకుని వెళ్ళారనుకో, ఒకడు ఆగితే ఇంకొకడు లాగుతాడు. ఇద్దరూ అవతల తేలతారు."

"ఫోటాన్లకి చేతులుండవు."

"ఉండవు. కాని అణువు ఒక్కసారికి ఒక్క ఫోటాన్నే మింగగలదు. మొదటిది లోపల ఉంటే రెండోది గుమ్మంలో నిలబడాలి. అక్కడే వాటికి పరిచయం. మీ తాస్‌బొలాత్ ఏమో వాటిని లిఫ్టులో ఎక్కిన కొత్తవాళ్ళలా లెక్కవేశాడు. ఒకదాని మొహం ఒకటి చూడదట."

"లిఫ్టులో నువ్వు కూడా నా మొహం చూడవు."

"చూస్తాను. నువ్వు అంతస్తుల అంకెలు చూస్తూ ఉంటావు కనక నీకు తెలియదు."

ఆ రోజు దౌలెత్ తీసిన కొలతలు ఒక్కటీ పనికిరాలేదు.

కొండల మీద మంచు కరగడం మొదలయ్యాక కొలతలు దారికొచ్చాయి. ఒంటరిగా పంపిన ఫోటాన్లు తాతగారు చెప్పిన చోటే బుద్ధిగా చతికిలబడ్డాయి. జంటగా పంపినవి మాత్రం ఆ చోటు దాటి, గాజుదారం చివరిదాకా పోయి, రెండు డిటెక్టర్లనూ ఒకే క్షణంలో తట్టాయి. దౌలెత్ నమ్మలేదు. ఎక్కడైనా వెలుగు కారుతోందేమోనని తెరల అంచులకి టేపు అంటించాడు. కిటికీకి దుప్పటి కొట్టాడు. మళ్ళీ అదే. చివరికి కర్లిగాష్‌ని పిలిచాడు.

బయట మిట్టమధ్యాహ్నం. తెర వెనక ఒకరికొకరు కనబడనంత చీకటి. జంట వచ్చి తట్టినప్పుడల్లా యంత్రం టిక్కుమంటోంది.

"దాటుతున్నాయి," అంది కర్లిగాష్ గుసగుసగా. గుసగుసలాడక్కర్లేదు, డిటెక్టరుకి చెవుల్లేవు.

"కర్లిగాష్."

"ఊఁ."

"నన్ను పెళ్ళి చేసుకుంటావా?"

టిక్కు. చాలాసేపటికి ఇంకో టిక్కు.

"ఈ కొలతలో పొరపాటు ఎంత ఉండొచ్చు?" అని అడిగింది.

"నాలుగు శాతం."

"నువ్వు అడిగినదాంట్లో?"

"అసలేమీ లేదు."

"పొరపాటే లేదన్న కొలతని నేను నమ్మను," అంది. "జవాబు చెబుతాను. నా పద్ధతిలో చెబుతాను." కొలతలన్నీ పెన్‌డ్రైవులోకి ఎక్కించుకుని వెళ్ళిపోయింది.

తర్వాత వారాల తరబడి థీసిస్ పనిలో పడి కనబడనే లేదు. కనబడిన రోజున దౌలెత్‌కి ఒక వింత తగిలింది. రేపు అందరి ముందూ చెప్పబోయే ప్రసంగాన్ని ఆమె ఖాళీ గదిలో అప్పజెప్పుకుంటోంది. అతను గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఆ పెద్దాయన సూత్రం ప్రకారం..." అంది కర్లిగాష్.

"ఏ పెద్దాయన?"

"మీ ఇంటి పెద్దాయన."

"ఆయనకో పేరుంది కదా."

"ఉంది. నువ్వు పలుకు."

"తాస్‌బొలాత్."

"చక్కగా పలికావు," అని స్లయిడు మార్చేసింది.

మన అమ్మమ్మల్ని తాతయ్య పేరేమిటని అడిగి, వాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వడం చూసినవాళ్ళకి ఈపాటికి అనుమానం వచ్చే ఉంటుంది. దౌలెత్‌కి రాలేదు. అది అతని పెంపకంలో తప్పు. వాళ్ళమ్మ కజాకు కాదు, తాతార్ల పిల్ల, పళ్ళ డాక్టరు. మామగారిని పేరు పెట్టి పిలిచి, దానికి ఆయన తండ్రి పేరు కూడా తగిలించి, "ఏదీ, నోరు తెరవండి" అనే రకం. ఆ ఇంట్లో ఇంకో కోడలు లేదు.

ఇంటికెళ్ళి దౌలెత్ తాత ముందు కూర్చున్నాడు. ముసలాయన పాలుపోసిన టీ ఊదుకుంటున్నాడు.

"తాతా, నీ సూత్రం జంటలకి పనిచెయ్యడం లేదు."

"నా చెవిలో యంత్రం లేదు."

"అయితే నేను మాట్లాడానని నీకెలా తెలిసింది?"

ముసలాయన టీ గిన్నె కింద పెట్టాడు. మొహం అలిగిన పసివాడిలా అయింది. "ఎవరు తప్పంటున్నది?"

"షిమ్కెంట్ పిల్ల. కొలతలు నేనే తీశాను. నిజంగానే దాటుతున్నాయి, తాతా."

"నువ్వా తీసింది," అన్నాడాయన. కిటికీలోంచి కొండల కేసి కాసేపు చూశాడు. ఆయనకి అసలు తగిలిన దెబ్బ ఎక్కడిదో దౌలెత్‌కి అర్థమైంది. ముసలాయనే తేరుకున్నాడు. "ఆ ప్రసంగంలో నా పేరు వస్తుందా?"

"వస్తుంది."

"బాగా వస్తుందా?"

"చాలా బాగా వస్తుంది."

"అయితే వస్తాను. తప్పన్నా ఒప్పన్నా పేరు పేరే. ఆ నీలం కోటు ఇస్త్రీకి వెయ్యి."

మర్నాడు పొద్దున్నే దౌలెత్ సంస్థ మెట్ల మీద కర్లిగాష్‌కి అడ్డం నిలబడ్డాడు. వాన పడుతోంది. ఆమె గొడుగు అంచు నుంచి నీళ్ళు అతని మెడ మీదికే కారుతున్నాయి. అతను పక్కకి జరగలేదు.

"ఒక్కసారి పలుకు. ఒకే ఒక్కసారి. ముసలాయన పేరు వినడానికే నీలం కోటు వేసుకుని వస్తున్నాడు."

"పలకను."

"మా తాత నిన్నేం చేశాడు?"

"ఆయన చేసిందేమీ లేదు. నువ్వు ఆ తెర వెనక అడిగావే, దానివల్ల."

"నేను అడిగినదానివల్లా?"

"అవును," అంది కర్లిగాష్. అతని మొహం చూసి, ఇంకేదో రావాలని ఎదురుచూసినట్టు నిలబడింది. అతను మెడ మీది నీళ్ళు తుడుచుకున్నాడు. "దౌలెత్, నిజం చెప్పు, నువ్వు కజాకువేనా?" అని గొడుగు మూసుకుని లోపలికి పోయింది.

దౌలెత్‌కి తోచిన అర్థం ఒక్కటే. పెళ్ళి చేసుకోమన్నందుకు మా ఇంటివాళ్ళ పేరే ఎత్తనంటోంది, అంత అసహ్యం పుట్టింది, అనుకున్నాడు. తడిసిన కోటుతోనే హాల్లోకి వెళ్ళి తాత పక్కన కూలబడ్డాడు.

హాలు నిండింది. ముందు వరసలో ప్రాగ్ నుంచి వచ్చిన పరీక్షకుడు వాత్స్లావ్ గారు, పొడుగాటి మనిషి, థీసిస్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్క బల్ల దగ్గర సభ కార్యదర్శి రౌషానక్క, జరిగేదంతా రాసుకోవడానికి కలం పట్టుకుని ఉంది. ఆ సంస్థలో ఆమె చెయ్యి పడకుండా ఎవరికీ డాక్టరేటు రాలేదు.

కర్లిగాష్ మొదలుపెట్టింది. "అస్తవ్యస్తమైన మాధ్యమంలో ఒంటరి ఫోటాన్ ఎంతదూరం పోతుందో మన పెద్దాయన ఒకరు ఏనాడో తేల్చారు."

ముసలాయన సగం లేచాడు. పేరు రాలేదు. మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ కొండవాలు ఇంటాయన సూత్రంలో..." అంది కాసేపాగి.

ముసలాయన చెవిలో యంత్రాన్ని వేలితో తట్టి చూసుకున్నాడు. "ఎవరి గురించిరా ఈ పిల్ల చెప్పేది?" అని మనవణ్ణి అడిగాడు. రహస్యంగానే అడిగాననుకున్నాడు గాని, హాలంతా విన్నది.

"నీ గురించే, తాతా."

"మరి నా పేరేదీ?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. వాత్స్లావ్ గారు చెయ్యెత్తాడు. "క్షమించండి. మీరు తప్పంటున్న సూత్రానికి ఒక పేరుంది. అది మీ థీసిస్‌లో పేజీ పేజీకీ ఉంది. ప్రసంగంలో ఒక్కసారి కూడా రాలేదు. ఎందుకని?"

"అచ్చులో ఉంది కదండీ," అంది కర్లిగాష్.

"చదివి వినిపించండి."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది. "చదవలేను."

"మీరు రాసిందే కదా."

"రాశానండీ. రాయడం వేరు, నోటితో అనడం వేరు."

"చూడండి, ముందుతరం వాళ్ళ పేరు చెప్పడం శాస్త్రంలో మర్యాద. పడగొట్టే ముందైనా చెప్పాలి."

"మా వైపు చెప్పకపోవడం మర్యాదండీ," అంది. గొంతు చిన్నదే గాని, బెసకలేదు.

వాత్స్లావ్ గారు కళ్ళజోడు తీశాడు. తీసిన తీరు ఎవరికీ నచ్చలేదు. ఈ పిల్ల ఇన్నాళ్ళ చదువూ నా మూలాన గంగలో కలుస్తోందనుకున్నాడు దౌలెత్. కుర్చీ వెనక్కి పడేలా లేచి నిలబడ్డాడు.

"ఆమె తప్పు కాదండీ. తప్పు నాది. నన్ను పెళ్ళి చేసుకోమని అడిగాను. ఆమెకి ఇష్టం లేదు. ఆ కోపంతో మా తాత పేరు పలకడం మానేసింది. దానికీ సూత్రానికీ సంబంధం లేదు. కొలతలు నేను తీశాను, లెక్కలు ఆమెవి, రెండూ సరిగ్గా ఉన్నాయి. ఆమెకి డిగ్రీ ఇచ్చెయ్యండి."

వేదిక మీద కర్లిగాష్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు దౌలెత్.

రౌషానక్క కలం బల్ల మీద పెట్టింది.

"ఓరి మొద్దబ్బాయీ," అంది. "ఎవరురా నిన్ను పెంచింది? అత్తింటి పెద్దల పేర్లు పలకనిది ఎవరు? కోడలు. నేను పెళ్ళయి ఇన్నేళ్ళయినా మా మామగారి పేరు పలకలేదు, ఆయన పేరుగల ఊరికి టిక్కెట్టు కూడా చెయ్యి చూపించి కొన్నాను. ఇష్టం లేని పిల్లయితే పొద్దుటినుంచీ మీ ఏడు తరాల పేర్లూ ఏకరువు పెట్టేది. ఈ పిల్ల నీకు ఎప్పుడో ఒప్పుకుంది. ఊరందరి ముందూ ఒప్పుకుంటోంది. నీకు ఒక్కడికే బోధపడలేదు."

దౌలెత్ వేదిక కేసి చూశాడు. కర్లిగాష్ చేతులు తీసింది. ఏడవడం లేదు. నవ్వు ఆపుకోలేక కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"కూర్చో," అంది. "ఇంకా మూడో అధ్యాయం ఉంది."

కూర్చోబోయాడు. కుర్చీ లేదు. నేల మీదే కూర్చున్నాడు, అక్కడే బాగుందనిపించింది.

ఈ మాటలన్నీ వాత్స్లావ్ గారి చెవిలో ఎవరో తర్జుమా చేసి పోస్తున్నారు. ఆయన కళ్ళజోడు మెల్లగా మళ్ళీ పెట్టుకున్నాడు. "నాకు అభ్యంతరం లేదు," అన్నాడు. "కాని సభ కాగితాల్లో ఆ పేరు ఎవరో ఒకరి నోటినుంచి రావాలి కదా."

"వస్తుంది," అన్న గొంతు వెనక వరసలోంచి వచ్చింది.

ముసలాయన లేచాడు. జానెడు కాదు, నిటారుగా లేచి, నీలం కోటు బొత్తాలు పెట్టుకున్నాడు. "మా ఇంటి కోడలు నా పేరు పలకదు. పలకకూడదు. ఆమె ఆగినచోట నేను పలుకుతాను. రాసుకో, రౌషాన్. నువ్వు చెప్పమ్మా, తల్లీ."

కర్లిగాష్ గొంతు సవరించుకుంది. "ఫోటాన్లు ఒకదాన్నొకటి గుర్తించే మాధ్యమంలో..." అని ఆగింది.

"తాస్‌బొలాత్," అన్నాడు ముసలాయన.

"...సూత్రం పనిచెయ్యదు. ఒంటరి ఫోటాన్ చిక్కుబడే చోటుని జంట దాటిపోతుంది. ఎందుకంటే..."

"తాస్‌బొలాత్," అన్నాడు.

"ఇక్కడ కాదండీ, తాతగారూ."

"సరే, సరే. నీకు కావలసినప్పుడు చూడు."

అలా సాగింది ప్రసంగం. ఆమె ఆగడం, ఆయన తన పేరు తను గంటలా మోగించడం, ఆమె అది తప్పనడం. మొదట రెండుసార్లు ఆయన గొంతు కాస్త బొంగురుపోయింది. ఒక జీవితపు పని కదా. తర్వాత తర్వాత మనవడు తీసిన కొలతలు తెర మీద వెలుగుతుంటే, వాటి కేసే చూస్తూ, ఇంకా గట్టిగా పలికాడు. చివరికొచ్చేసరికి హాల్లో కుర్రాళ్ళు కూడా ఆయనతో కలిసి పలకడం మొదలుపెట్టారు. ఏ దేశపు సెమినారులోనూ ఏ శాస్త్రవేత్తా తన పేరు అంత కమ్మగా విని ఉండడు.

ఓట్లు లెక్కపెట్టారు. ఒక్కరూ కాదనలేదు. వాత్స్లావ్ గారు వచ్చి చెయ్యి కలిపి, తనకి కాబోయే కోడలు కూడా ఇలాంటిదే దొరికితే బాగుండునని అనబోయి, తనకి కొడుకులు లేరని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

జనం పలచబడ్డాక ముసలాయన కర్లిగాష్ దగ్గరికి చేరాడు. అటూ ఇటూ చూశాడు.

"తల్లీ, ఒక్క మాట. మేమింకా మీ ఇంటికొచ్చి నీ చెవులకి పోగులు పెట్టలేదు కదా. పోగులు పెడితేనే సంబంధం ఖాయమైనట్టు. ఇవాళ్టికి నువ్వింకా పరాయి పిల్లవే, తప్పులేదు. ఒక్కసారి నీ నోటితో నా పేరు పలుకు. విని పోతాను."

కర్లిగాష్ తలవంచుకుంది. పెదాలు బిగబట్టుకుంది. తల అడ్డంగా ఊపింది.

"నా సూత్రాన్ని పడగొట్టావు, ఆ మాత్రం చెయ్యకూడదా?"

"అయితే ఆ పోగులేవో తొందరగా పెట్టించండి, తాతగారూ. మీకు అడిగే పనీ ఉండదు, నాకు కాదనే పనీ ఉండదు."

ముసలాయన మనవడి కేసి తిరిగాడు. దౌలెత్ ఇంకా దుమ్ము దులుపుకుంటూ, ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూస్తున్నాడు.

"అంటే?" అన్నాడు.

"అంటే," అంది కర్లిగాష్, గొడుగు అతని చేతిలో పెడుతూ, "బంగారం కొట్టు ఆరింటికి మూసేస్తారు."